త్రీబైత్రీ రూబిక్స్ క్యూబ్ 33 సెకన్ల దగ్గర ఆగిపోయింది, 20 లోపుకి రావాలంటే?

వరంగల్_క్యూబర్ · శుక్రవారం రాత్రి 10:12
అందరికీ నమస్తే. బీటెక్ సెకండియర్ చదువుతున్నాను. మొదట్లో పొర తర్వాత పొర పేర్చే పద్ధతిలో క్యూబ్ నేర్చుకుని, తర్వాత సీఎఫ్ఓపీకి (నాలుగు దశల పద్ధతి) మారాను. క్రాస్ (తెల్ల ముఖం మీద ప్లస్ గుర్తు), ఎఫ్టూఎల్ (కింది రెండు పొరల్లో మూల, అంచు ముక్కల్ని జతలుగా దించడం) చేస్తాను, ఓఎల్ఎల్ (పై ముఖమంతా ఒకే రంగు చేయడం) రెండు దశల్లో చేస్తాను, పీఎల్ఎల్ (పై పొర ముక్కల్ని వాటి చోట్లలో పెట్టడం) 21 కేసులూ మొత్తం వచ్చు. హాస్టల్ రూమ్‌లో సీఎస్‌టైమర్ (టైమ్ కొలిచే వెబ్‌సైట్) పెట్టుకుని రోజూ కూర్చుంటున్నాను కానీ యావరేజ్ 33 దగ్గరే ఉంది, ఇంక కదలదు. వచ్చే నెల హైదరాబాద్‌లో డబ్ల్యూసీఏ (వరల్డ్ క్యూబ్ అసోసియేషన్) పోటీకి పేరు ఇచ్చాను. ఇదే మొదటిది, ఇప్పటినుంచే టెన్షన్. మంచి క్యూబ్ కొనాలా? ఓఎల్ఎల్ 57 కేసులూ పూర్తిగా నేర్చుకోవాలా? వేళ్ల స్పీడ్ పెరగడానికి ప్రాక్టీస్ ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

టర్బో_తేజ · శుక్రవారం రాత్రి 10:20
కొనెయ్ బ్రో, ఆలోచించకు. మాగ్నెట్లు లేని క్యూబ్ అయితే 20 లోపు కష్టం. ఇక వేళ్లంటావా, రోజూ టీ-పర్మ్ (పీఎల్ఎల్‌లో ఒక కేసుకి తిప్పే మూవ్స్ వరస) వందసార్లు కొట్టు, నేనదే చేశాను. ఇప్పుడు 17లో ఉన్నా. సెకనుకి ఎన్ని మూవ్స్ తిప్పుతున్నావన్నదే లెక్క, మిగతాదంతా సోది.

నిద్రపోని_నాని · శుక్రవారం రాత్రి 10:31
హాస్టల్లో రాత్రిపూట టీ-పర్మ్ వందసార్లు కొడితే ముందు నీ రూమ్మేట్ నిన్ను కొడతాడు.

పీఎల్ఎల్_బాబాయ్ · శుక్రవారం రాత్రి 11:05
తమ్ముడూ, ఏదీ కొనకముందు ఒక పని చెయ్. ఫోన్‌ని పుస్తకాలకి ఆనించి, చేతులు కనపడేలా నాలుగైదు సాల్వ్‌లు వీడియో తీయ్. తీశాక నెమ్మదిగా ప్లే చేసి, క్రాస్‌కి ఎంత పట్టింది, ఎఫ్టూఎల్ నాలుగు జతలకి ఎంత, ఓఎల్ఎల్‌కి ఎంత, పీఎల్ఎల్‌కి ఎంత అని విడివిడిగా రాసి ఇక్కడ పెట్టు. టీ-పర్మ్ ఒక్కటీ విడిగా కొట్టి దాని టైమ్ కూడా రాయి. అప్పుడు మాట్లాడుకుందాం.

వరంగల్_క్యూబర్ · శనివారం ఉదయం 8:47
చేశాను బాబాయ్. సుమారుగా: క్రాస్ 5 సెకన్లు, ఎఫ్టూఎల్ 17, ఓఎల్ఎల్ 6, పీఎల్ఎల్ 5. టీ-పర్మ్ ఒక్కటే కొడితే 2 సెకన్లలో అయిపోతోంది. మొత్తం ఒక సాల్వ్‌లో మూవ్స్ లెక్కపెడితే 60కి అటూఇటూ వచ్చాయి.

పీఎల్ఎల్_బాబాయ్ · శనివారం ఉదయం 9:30
నీ ప్రశ్నకి జవాబు నువ్వే రాశావు, చూసుకో. టీ-పర్మ్‌లో 14 మూవ్స్. రెండు సెకన్లలో కొడుతున్నావంటే సెకనుకి 7. అదే చేయి మొత్తం సాల్వ్‌లో 60 మూవ్స్‌కి 33 సెకన్లు తీసుకుంటోంది, అంటే సెకనుకి రెండు కూడా లేదు. మరి మిగతా టైమ్ ఎటు పోయింది? వీడియోలో చూడు, చేతులు ఆగిపోయి క్యూబ్‌ని అటూ ఇటూ తిప్పి ముక్క కోసం వెతుకుతున్న చోట్లు కనపడతాయి. జత దించుతావు, ఆగుతావు, వెతుకుతావు, మళ్లీ మొదలెడతావు. నీ సమస్య వేళ్లు కాదు, ఆగడం. సెకనుకి మూడు మూవ్స్ చొప్పున ఎక్కడా ఆగకుండా తిప్పినా 60 మూవ్స్ 20 సెకన్లలో అయిపోతాయి. సెకనుకి మూడంటే పెద్ద స్పీడేమీ కాదు, మా చిన్నమ్మాయి కూడా తిప్పుతుంది.

కాబట్టి ఎక్కువ పని ఎఫ్టూఎల్‌లో. మూడు మూవ్స్‌లో దిగిపోయే కేసు తీసుకో. తెల్ల క్రాస్ కింద, కార్నర్ (మూల ముక్క), ఎడ్జ్ (అంచు ముక్క) రెండూ పైన అంటుకునే ఉన్నాయి. ఆర్, యూ ప్రైమ్, ఆర్ ప్రైమ్ (ఆర్ అంటే కుడి పొర, యూ అంటే పై పొర, ప్రైమ్ అంటే ఎదురు దిశలో తిప్పడం). అయిపోయింది. ఈ మూడూ వేళ్లకి వచ్చేసిన మూవ్స్, కళ్లతో పని లేదు. కానీ నీ కళ్లు మాత్రం ఆ జత లోపలికి సరిగ్గా దిగిందా లేదా అని అక్కడే అతుక్కుని ఉంటాయి. దిగుతుంది, నమ్ము. ఆర్ మొదలవగానే కళ్లు అక్కడినుంచి తీసేసి పై పొరలో ఇంకో తెల్ల కార్నర్ ఎక్కడుందో చూడాలి. ఆర్ ప్రైమ్ పూర్తయ్యేసరికి తర్వాతి కార్నర్ తెలిసిపోవాలి, వీలైతే దాని ఎడ్జ్ కూడా. దీన్నే లుక్ అహెడ్ అంటారు. చెప్పడానికి తేలిక, రావడానికి నెలలు పడుతుంది.

దీనికి ప్రాక్టీస్ విచిత్రంగా ఉంటుంది: నెమ్మదిగా చెయ్యాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 60కి పెట్టు, ఒక టిక్కుకి ఒక మూవ్. టైమర్ కట్టెయ్. షరతు ఒక్కటే, ఏ టిక్కూ ఖాళీగా పోకూడదు. పోతోందంటే ఇంకా నెమ్మది చెయ్. ఖాళీలు పోయాక 70, తర్వాత 80, అలా పెంచుకుంటూ పో.

టర్బో_తేజ · శనివారం ఉదయం 10:02
> నీ సమస్య వేళ్లు కాదు, ఆగడం
బాబాయ్, మీరు పాత స్కూల్. అమెరికా క్యూబర్ మ్యాక్స్ పార్క్ 2023లో 3.13 సెకన్ల ప్రపంచ రికార్డు కొట్టాడు. 2025లో చైనా పిల్లాడు షువాన్‌యీ గెంగ్ దాన్ని 3.05కి దించాడు. నెమ్మదిగా తిప్పితే వచ్చాయా అవి?

పీఎల్ఎల్_బాబాయ్ · శనివారం ఉదయం 10:15
వాళ్లు సెకనుకి పదికి పైగా తిప్పుతారు, ఒప్పుకుంటా. కానీ ఆ వీడియోల్లో చేతులు ఆగిన చోటు ఒక్కటి చూపించు. ఆగకుండా తిప్పడం వచ్చినవాడికి స్పీడ్ పెంచుకుంటే లాభం. ఆగుతూ తిప్పేవాడు స్పీడ్ పెంచితే ఏమవుతుంది? ఇంకా తొందరగా వెళ్లి ఆగుతాడు.

లెక్కల_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 12:40
చాన్నాళ్లుగా చదువుతున్నాను కానీ ఇక్కడ రాయడం తక్కువ. అసలు 60 మూవ్స్ ఎందుకు? ఎలా కలిపిన క్యూబ్‌నైనా 20 మూవ్స్‌లోపు సరిచేయొచ్చని 2010లో నిరూపణ అయింది కదా. మొత్తం అమరికలు 43,252,003,274,489,856,000. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు లక్షల కోట్ల కోట్ల పైచిలుకు. అన్నింటినీ ఒక్కొక్కటిగా చూడకుండా గుంపులుగా విడగొట్టి, గూగుల్ కంప్యూటర్ల మీద నడిపి తేల్చారు. ఒకే కంప్యూటర్ మీద అయితే సుమారు 35 ఏళ్లు పట్టే పని అది. మరి మీరంతా దానికి మూడింతలు తిప్పుతున్నారు.

రూ_రమ్య · శనివారం మధ్యాహ్నం 1:10
మాస్టారూ, ఆ 20 మూవ్స్ కంప్యూటర్‌కి కనపడతాయి, మనిషికి కనపడవు. చివరి రెండు మూడు మూవ్స్ దాకా క్యూబ్ పూర్తిగా కలిసిపోయినట్టే ఉంటుంది, పట్టుకోవడానికి గుర్తంటూ ఉండదు. అందుకే మనుషులు ఒక్కో భాగం కట్టుకుంటూ పోతారు. మూవ్స్ తగ్గించడానికే డబ్ల్యూసీఏలో వేరే ఈవెంట్ ఉంది, ఫ్యూయెస్ట్ మూవ్స్ అని. కాగితం, పెన్ను, గంట టైమ్ ఇస్తారు. మీకది బాగా నచ్చుతుంది.

తమ్ముడూ వరంగల్, ఇంకో మాట. మూవ్స్ తక్కువ కావాలంటే రూ పద్ధతి చూడు. ఎడమ పక్క 1×2×3 బ్లాక్, కుడి పక్క ఇంకొకటి, తర్వాత పై కార్నర్లు, చివరికి మధ్య స్లైస్ తిప్పుతూ మిగతా ఎడ్జ్‌లు. క్యూబ్ మొత్తాన్ని పక్కకి తిప్పాల్సిన అవసరం దాదాపు రాదు. నేను అందులోనే ఉన్నాను, పేరు చూస్తే తెలుస్తుంది కదా.

పీఎల్ఎల్_బాబాయ్ · శనివారం మధ్యాహ్నం 1:25
రమ్యమ్మా, పోటీకి నెల ఉండగా పిల్లాడిని పద్ధతి మార్చమంటావా! పోటీ అయ్యాక మార్చుకోనీ.

రూ_రమ్య · శనివారం మధ్యాహ్నం 1:31
అదీ నిజమే. కానీ పోటీ అయ్యాక కూడా మీరు వదలరు, నాకు తెలుసు.

వరంగల్_క్యూబర్ · శనివారం సాయంత్రం 6:50
మెట్రోనోమ్ పెట్టి చేశాను. 60 దగ్గర కూడా టిక్కులు ఖాళీ పోతున్నాయి. మూడో జతకి వచ్చేసరికి ముక్క ఎక్కడుందో కనపడదు, వెనక స్లాట్‌లో (జత దిగాల్సిన చోటు) దాక్కుని ఉంటోంది. క్యూబ్ తిప్పి చూడాల్సి వస్తోంది.

పీఎల్ఎల్_బాబాయ్ · శనివారం సాయంత్రం 7:20
అందుకే వెనక స్లాట్లు రెండూ ముందు నింపెయ్. అవి నిండాక మిగిలిన ముక్కలు పైనన్నా ఉంటాయి, ముందున్న రెండు స్లాట్లలోనన్నా ఉంటాయి. రెండు చోట్లా నీ కళ్ల ముందే. మొదటి జత ఏది దొరికితే అది తీసుకో, కానీ ఛాయిస్ ఉన్నప్పుడు వెనకది. వెనక స్లాట్‌లో దించడానికి క్యూబ్‌ని నీవైపు తిప్పుకోకు, అక్కడికి వేరే అల్గరిథమ్స్ (మూవ్స్ వరసలు) ఉన్నాయి, అవి నేర్చుకో. ఎఫ్టూఎల్ కేసులు మొత్తం 41. బట్టీ పట్టక్కర్లేదు, కానీ ఒక్కో కేసూ నాలుగు స్లాట్లలోనూ ఎలా దిగుతుందో చేతికి తెలియాలి.

ఇక క్రాస్‌కి 5 సెకన్లు ఎక్కువ. ఏ క్రాస్ అయినా 8 మూవ్స్ దాటదు. 15 సెకన్ల ఇన్‌స్పెక్షన్ (మొదలెట్టే ముందు క్యూబ్‌ని చూసుకునే టైమ్) ఉండేది దీనికే. క్రాస్ మొత్తం ముందే మనసులో పూర్తి చేసుకుని, కళ్లు మూసుకుని తిప్పి, తెరిచి చూడు. ఇంట్లో టైమ్ పెట్టుకోకు, నిమిషం పట్టినా పర్లేదు. తెల్ల క్రాస్‌ని కింద పెట్టి చెయ్యడం అలవాటు చేసుకో, పైన చేసి తర్వాత తిరగేస్తే ఒక సెకను గంగలో కలిసినట్టే. కళ్లు మూసుకుని క్రాస్ వస్తే, ఇన్‌స్పెక్షన్‌లో మిగిలిన టైమ్‌కి మొదటి జత ఎక్కడ తేలుతుందో కూడా చూసుకోవచ్చు. ఆ రోజున 25 లోపు ఉంటావు.

ఓఎల్ఎల్ 57 అన్నావు. ఇప్పుడు వద్దు. రెండు దశలకి పది అల్గరిథమ్స్ సరిపోతాయి. మొత్తం నేర్చుకుంటే సెకనో సెకనున్నరో తగ్గుతుంది, అంతే. ఎఫ్టూఎల్‌లో పది సెకన్లు పోతుంటే ఆ సెకను కోసం ఎందుకు పాకులాట? క్యూబ్ సంగతి, వెయ్యి రూపాయల లోపు దొరికే మాగ్నెటిక్ క్యూబ్ చాలు. నీ దగ్గరున్నది గట్టిగా తిరుగుతుంటే స్క్రూలు కాస్త వదులు చేసి రెండు చుక్కలు సిలికాన్ లూబ్ వెయ్.

సుజాత_కాకినాడ · శనివారం రాత్రి 9:02
మా బాబు ఎనిమిదో తరగతి, పోటీలకి తీసుకెళ్తూ ఉంటాను కాబట్టి నేనూ ఒక మాట. ఇంట్లో 22లో చేసేవాడు మొదటి పోటీలో 35 చేశాడు. చేతులు వణుకుతాయి బాబూ. హాల్లో ఏసీ పెడితే వేళ్లు బిగుసుకుపోతాయి, పెట్టకపోతే చెమటకి క్యూబ్ జారుతుంది. జేబులో చిన్న టవల్ పెట్టుకో. పేరు పిలిచేవరకు చేతులు రుద్దుకుంటూ ఉండు. అన్నిటికంటే ముఖ్యం, స్టాక్‌మ్యాట్ టైమర్ (పోటీల్లో రెండు చేతులూ పెట్టి నడిపేది) మీద ప్రాక్టీస్ చేసి వెళ్లు. ఇంట్లో స్పేస్ బార్ నొక్కి చేసే అలవాటుకి అక్కడ టైమర్ ఎలా ఆపాలో కూడా తెలియక మావాడు తికమక పడ్డాడు. స్నేహితుల దగ్గర ఉంటే ఒక్కరోజుకి అడుగు.

డాలస్_రఘు · శనివారం రాత్రి 11:48
ఇక్కడ టెక్సాస్‌లో పోటీలకి జడ్జిగా కూర్చుంటూ ఉంటాను. రూల్స్ ప్రపంచమంతా ఒకటే కాబట్టి రాస్తున్నాను, మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కువగా టైమ్ పోగొట్టుకునేది క్యూబ్ మీద కాదు, వీటి మీద.

క్యూబ్ మీద కప్పు మూసి ఉంటుంది. జడ్జి కప్పు తీస్తాడు, 15 సెకన్లు మొదలు. 8 దగ్గర ఒకసారి, 12 దగ్గర ఒకసారి గట్టిగా చెబుతాడు. ఆ కేక విని చాలామంది కంగారుపడి మొదలెట్టేస్తారు. 12 అన్నాక ఇంకా మూడు సెకన్లు ఉన్నాయి, కూల్‌గా ఉండు. 15 దాటి 17 లోపు మొదలెడితే రెండు సెకన్ల పెనాల్టీ, 17 కూడా దాటితే ఆ సాల్వ్ డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫినిష్, అంటే టైమ్ లెక్కలోకి రాదు).

టైమర్ మీద చేతులు పెట్టగానే ఎరుపు లైట్ వస్తుంది. పచ్చ వచ్చేదాకా, అంటే అర సెకను పైగా, చేతులు కదపకూడదు. అందుకని ఇన్‌స్పెక్షన్ 15 అనుకోకు, 13 అనుకో. చివర్లో క్యూబ్‌ని పూర్తిగా వదిలేశాకే టైమర్ ఆపాలి. చేతిలో పట్టుకునే కొడితే ఇంకో రెండు సెకన్లు. ఇక అన్నిటికంటే బాధ కలిగించేది: చివరి యూ తిప్పుని సరైన చోటుకి 45 డిగ్రీలకి మించి దూరంలో వదిలేస్తే అది ఒక మూవ్ మిగిలినట్టు లెక్క, రెండు సెకన్లు. రెండు మూవ్స్ మిగిలితే డీఎన్ఎఫ్. ఆపాక క్యూబ్‌ని ముట్టుకోకు, జడ్జి చూడనీ.

యావరేజ్ ఎలా వేస్తారో చాలామందికి తెలీదు. ఐదు సాల్వ్‌లలో బెస్ట్, వరస్ట్ తీసేసి మిగతా మూడింటి సగటు. ఉదాహరణకి 31.20, 29.85, 34.60, 28.90, 46.12 అనుకో. 28.90, 46.12 పోతాయి, యావరేజ్ 31.88. అంటే ఒక్క సాల్వ్ నాశనమైనా భయం లేదు. అది తెలియక మొదటిది పాడవగానే మిగతా నాలుగూ పాడు చేసుకునేవాళ్లని చాలామందిని చూశాను. రెండు డీఎన్ఎఫ్‌లు పడితే మాత్రం యావరేజ్ ఉండదు.

లెక్కల_మాస్టారు · ఆదివారం ఉదయం 7:15
రఘు గారూ, సాల్వ్ మధ్యలో క్యూబ్ విడిపోతే ఏం చేస్తారు? ముక్కలు ఎలాపడితే అలా మళ్లీ అమరిస్తే పన్నెండింటిలో ఒక్క అమరికే సాల్వ్ అవుతుంది. మిగతా పదకొండింటిలో ఎంత తిప్పినా రాదు. కార్నర్ మెలిక పడుతుంది, లేదా ఒక ఎడ్జ్ తిరగబడుతుంది, లేదా రెండు ముక్కలు ఒకదాని చోట ఒకటి పడతాయి.

డాలస్_రఘు · ఆదివారం ఉదయం 7:40
ఊడిన ముక్క పెట్టుకుని కొనసాగించొచ్చు మాస్టారూ, టైమర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒక్క కార్నర్ మెలిపడి క్యూబ్ రాకుండా పోతే దాన్ని అక్కడే చేత్తో తిప్పి సరిచేసుకోవడానికి కూడా రూల్ ఒప్పుకుంటుంది. చివర్లో పై పొరలో ఒక్క కార్నర్ తప్ప అన్నీ సరిగ్గా ఉంటే అదేనని అర్థం. కొత్తవాళ్లు అది తెలియక మళ్లీ మొదట్నుంచి చేస్తూ కూర్చుంటారు.

టర్బో_తేజ · ఆదివారం ఉదయం 10:30
లూబ్ వేసి స్క్రూలు మరీ వదులు చేస్తేనే ఊడుతుంది. టెన్షన్ సరిగ్గా పెట్టుకోండి ఫ్రెండ్స్.

నిద్రపోని_నాని · ఆదివారం ఉదయం 10:33
టెన్షన్ సరిగ్గా పెట్టుకోమని క్యూబ్‌కి చెప్పావా, వరంగల్ తమ్ముడికి చెప్పావా?

లెక్కల_మాస్టారు · ఆదివారం ఉదయం 11:20
పాత సంగతి ఒకటి. 1982లో బుడాపెస్ట్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగితే మిన్ థాయ్ అనే వియత్నాం మూలాలున్న అమెరికా కుర్రవాడు 22.95 సెకన్లతో గెలిచాడు. అప్పటి క్యూబ్‌లు నేను తిప్పాను. మూల తప్పితే తిరగదు, బలవంతం చేస్తే వేలు నొప్పి. ఆ క్యూబ్‌తో 22.95! ఇప్పుడు మాగ్నెట్ల క్యూబ్ చేతిలో పెట్టుకుని 33 అంటే, బాబాయ్ గారు చెప్పింది నిజమే అనిపిస్తోంది. క్యూబ్‌దేం తప్పు లేదు.

వరంగల్_క్యూబర్ · ఆదివారం మధ్యాహ్నం 2:05
మాస్టారూ, కాస్త గట్టిగానే తగిలింది :)
వెనక స్లాట్లు ముందు నింపుతుంటే మూడో జత దగ్గర ఆగడం తగ్గింది. ఇంకో అనుమానం. అందరూ ఏ రంగుతోనైనా క్రాస్ మొదలెట్టాలంటారు కదా, కలర్ న్యూట్రల్. అది కూడా ఇప్పుడే నేర్చుకోవాలా?

రూ_రమ్య · ఆదివారం మధ్యాహ్నం 2:30
మొదట్లోనే అలవాటైనవాళ్లకి లాభం. నువ్వు ఇన్నాళ్లూ తెలుపుతోనే చేశావు కాబట్టి ఇప్పుడు ఆరు రంగులూ అంటే ఎఫ్టూఎల్‌లో ఏ రంగు పక్కన ఏది ఉంటుందో అంతా తారుమారు అవుతుంది. కావాలంటే తెలుపుతో పాటు పసుపు ఒక్కటి కలుపుకో. పక్క రంగులు అవే కాబట్టి, వరస మాత్రమే తిరగబడుతుంది. పోటీ తర్వాత.

సుజాత_కాకినాడ · ఆదివారం సాయంత్రం 5:15
బాబూ, పోటీకి వెళ్లేటప్పుడు ఐడీ కార్డు మర్చిపోకు, మొదటిసారి వచ్చినవాళ్ల దగ్గర చూస్తారు. మీ రౌండ్ అయ్యాక వెళ్లిపోవాలనుకోకు, జడ్జిగానో క్యూబ్‌లు అందించడానికో కూర్చోమంటారు. కూర్చో. ఎదుట కూర్చుని వేరేవాళ్ల చేతులు చూస్తే చాలా తెలుస్తుంది. మావాడు వెనక స్లాట్ మూవ్స్ అలా చూసే పట్టాడు. ఫలితాలు సైట్‌లో పెట్టాక నీకూ ఒక డబ్ల్యూసీఏ ఐడీ వస్తుంది, మొదట ఏడాది, తర్వాత ఇంటిపేరులోనో పేరులోనో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, చివర రెండు అంకెలు. మావాడు అది వచ్చిన రోజు స్కూల్ నోట్‌బుక్కులన్నిటి మీదా రాసుకున్నాడు.

టర్బో_తేజ · ఆదివారం రాత్రి 8:44
అయినా నేను ఒప్పుకోను. ఆగకపోవడం ఓకే, కానీ వేళ్లు లేకపోతే 15 లోపు రాదు. బాబాయ్, నా ఎన్-పర్మ్ వీడియో పెట్టాను చూడండి.

పీఎల్ఎల్_బాబాయ్ · ఆదివారం రాత్రి 9:10
చూశాను. ఎన్-పర్మ్ అదిరింది, నాకంటే ఫాస్ట్. 15 లోపుకి వేళ్లు కావాలన్నదీ కరెక్టే, ఈ తమ్ముడు ఇంకా అక్కడికి రాలేదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు మొత్తం సాల్వ్ వీడియో పెట్టు, ఎఫ్టూఎల్ చూద్దాం.

టర్బో_తేజ · ఆదివారం రాత్రి 9:12
ఫోన్ చార్జింగ్ లేదు.

నిద్రపోని_నాని · ఆదివారం రాత్రి 9:13
😂😂

వరంగల్_క్యూబర్ · సోమవారం రాత్రి 10:40
మెట్రోనోమ్ 70కి వచ్చింది, రెండు మూడు టిక్కులే ఖాళీ పోతున్నాయి. టైమర్ పెట్టి చూస్తే 29లు వస్తున్నాయి. చివరి ప్రశ్న. పోటీ ముందు రోజు క్యూబ్ విప్పి, కడిగి, కొత్త లూబ్ వేసుకుంటే మంచిదా?

పీఎల్ఎల్_బాబాయ్ · సోమవారం రాత్రి 10:55
ముట్టుకోకు! లూబ్ వేశాక కనీసం రెండు మూడు రోజులు తిప్పితే గానీ క్యూబ్ ఒక దారికి రాదు. కడగాలంటే ఈ వారంలోనే కడుగు. ముందు రోజు పది పదిహేను సాల్వ్‌లు చేసి పడుకో. ఇంకోటి, టైమర్‌లో 29 అని చూసుకుంటున్నావు చూడు, ఈ వారం అది కూడా మానెయ్.

రూ_రమ్య · సోమవారం రాత్రి 11:02
పోటీలో స్క్రాంబుల్ (క్యూబ్ కలపడం) నీ క్యూబ్ మీదే చేసి ఇస్తారు, కాబట్టి నీకు అలవాటైనదే తీసుకెళ్లు. అదే మోడల్‌ది ఇంకోటి ఉంటే బ్యాగ్‌లో పడెయ్.

వరంగల్_క్యూబర్ · సోమవారం రాత్రి 11:06
రూమ్మేట్‌ది ఉంది, అదే మోడల్. అడిగితే ఇస్తాడు, రాత్రి పదిన్నర తర్వాత తిప్పనని మాటిస్తే.

నిద్రపోని_నాని · సోమవారం రాత్రి 11:07
ఇప్పుడు టైమ్ ఎంతయిందో చూసుకున్నావా?